కొలువు రద్దయింది, పని రద్దు కాలేదు

సర్కారు పొదుపు చేయాలనుకున్నప్పుడల్లా వేటు ముందుగా పడేది ఊళ్ళోని చిన్న కొలువు మీద. రాజధానిలో ఒక కుర్చీ తీసేయడానికి పదిసార్లు ఆలోచించే పాలకులు, పల్లెలో పది వేల రూపాయల జీతగాణ్ణి తీసేయడానికి ఒక్క కాగితం చాలనుకుంటారు. ఆ జీతగాడు ఏం పని చేస్తున్నాడో, అతను లేకపోతే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో లెక్కగట్టే పద్దు ఏ బడ్జెటు పుస్తకంలోనూ కనపడదు. ఆ లెక్క తేలేది రైతు ఇంట్లో, కూలీ ఇంట్లో.

2020లో తెలంగాణ గ్రామాల్లో ఆరు నెలల తేడాతో రెండు రకాల కొలువులు ఊడిపోయాయి. మార్చిలో ఉపాధి హామీ పథకం ఫీల్డ్ అసిస్టెంట్లు, సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారులు. మొదటివారు ఏడు వేలకు పైబడినవారు, రెండోవారు ఐదు వేలకు పైబడినవారు. వీఆర్వోలకు కుర్చీ పోయింది గానీ జీతం పోలేదు. ఫీల్డ్ అసిస్టెంట్లకు ఏదీ మిగల్లేదు, ఏకంగా రోడ్డున పడ్డారు. రెండింటికీ సర్కారు చెప్పిన కారణాలు వేరు. అయితే ఐదేళ్ళు తిరిగేసరికి రెండు కొలువులూ, ఒకటి పాత పేరుతో, ఒకటి కొత్త పేరుతో, మళ్ళీ ఊళ్ళోకి వచ్చి కూర్చున్నాయి. మధ్యలో గడిచిన ఆ కాలానికి మూల్యం ఎవరు చెల్లించారన్నదే మేము ఇక్కడ రాయదలచిన సంగతి.

మస్టరు వేసే మనిషి

ఫీల్డ్ అసిస్టెంటు అంటే పట్నం పాఠకులకు అంతగా తెలియకపోవచ్చు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అడిగిన వారికి 15 రోజుల్లో పని చూపించాలని ఆ చట్టం చెప్పింది. బాగానే ఉంది. కానీ అడగటమంటే గాలిలోకి అడగటం కాదు గదా, ఎవరో ఒక మనిషిని అడగాలి. ఆ మనిషే ఫీల్డ్ అసిస్టెంటు. పని కావాలని చెప్పుకుంటే రాసుకునేది, జాబ్‌కార్డులు చూసేది, కూలీలను జట్లు జట్లుగా చెరువు దగ్గరికో గుట్ట దగ్గరికో తీసుకుపోయేది, పొద్దున్నే మస్టరు వేసేది, టెక్నికల్ అసిస్టెంటు కొలతలు తీస్తుంటే టేపు రెండో కొస పట్టుకునేది, మస్టరు కాగితాలను మండలంలో కంప్యూటరు దగ్గరికి చేర్చేది, చివరికి కూలి డబ్బులు పడకపోతే ఊళ్ళో తిట్లు తినేది కూడా ఆ మనిషే.

పైకి కనపడని పని ఇంకొకటి ఉంది. మొగుడు చనిపోయినా కార్డు అతని పేరునే నడుస్తున్న ఆడమనిషి ఎవరు, బ్యాంకు ఖాతా ఆగిపోయి కూలి తిరిగి వెళ్ళిన ముసలాయన ఎవరు, పని దగ్గరికి రెండు మైళ్ళు నడిచి రావలసిన తండా ఏది, ఏ జట్టుకూ ఏ జట్టుకూ పడదు - ఇవన్నీ ఆ మనిషి బుర్రలో ఉంటాయి. ఏ యాప్‌లోనూ ఉండవు.

దొంగ మస్టర్లు లేవా అంటే ఉన్నాయి. సామాజిక తనిఖీల్లో పట్టుబడినవీ ఉన్నాయి, డబ్బు రాబట్టినవీ ఉన్నాయి. మేము దాచిపెట్టేదేమీ లేదు. కానీ 2020లో ఇంటికి పంపించింది దొంగ మస్టర్లు రాసినందుకు కాదు. సమ్మె చేసినందుకు.

ఆ సమ్మె దేనికి? 4779 నంబరు సర్క్యులర్ ఒకటి వచ్చింది. ఊళ్ళో ఎన్ని పనిదినాలు నమోదైతే దానిని బట్టి ఫీల్డ్ అసిస్టెంటుకు జీతం, దానిని బట్టే కాంట్రాక్టు కొనసాగింపు అని దాని సారాంశం. పనిదినాలు పెరగాలంటే పనులు మంజూరు కావాలి. మంజూరు అతని చేతిలో లేదు. కూలి సకాలంలో పడితేనే జనం మళ్ళీ పనికి వస్తారు. చెల్లింపూ అతని చేతిలో లేదు. నాట్లు పడితే జనం పొలాలకు పోతారు, వాన ముందే అతని చేతిలో లేదు. చెరువు నిండలేదని నీరటిని కొట్టినట్టుంది ఈ నిబంధన.

అసలు కిటుకు పద్దులో ఉంది. ఉపాధి హామీలో సిబ్బంది జీతాలు, కాగితాలు, కంప్యూటర్లు అన్నీ కలిపి మొత్తం ఖర్చులో 6 శాతం లోపు సర్దుకోవాలన్నది అప్పటి కేంద్రం నియమం. కూలీలకు చేసే ఖర్చు తగ్గితే ఆ 6 శాతమూ తగ్గుతుంది. అప్పుడు కోత ఎక్కడ పడాలి? అన్నిటికన్నా కింద ఉన్నవాడి మీద. పై నుంచి నిధులు బిగించే ప్రతి కోతా నిచ్చెన మెట్టు మెట్టు దిగి చివరికి మస్టరు వేసేవాడి దగ్గర ఆగుతుంది.

2020 మార్చి రెండో వారంలో వారు సమ్మెకు దిగారు. విధుల నుంచి తప్పిస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. ఆ నెలాఖరులోగానే లాక్‌డౌన్ వచ్చింది. తర్వాత జరిగింది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బొంబాయి, పూనా మేస్త్రీ పనులకు పోయిన పాలమూరు జనం మూటలు నెత్తిన పెట్టుకుని తిరిగివచ్చారు. హైదరాబాదులో ఇళ్ళ పనులు, హోటల్ పనులు పోయినవారు ఊరి దారి పట్టారు. పట్నంలో పని లేదు, ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క పని ఉపాధి పని. 2020-21లో దేశం మొత్తం మీద 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. చట్టం వచ్చాక అంతవరకు అన్ని పనిదినాలు ఏ ఏడూ లేవు. కూలీలు అంతగా పనికి ఎగబడిన ఏడాదిలోనే, తెలంగాణ ఊళ్ళలో మస్టరు వేసే మనిషి లేడు.

మరి మస్టరు ఎవరు వేశారు? పంచాయతీ కార్యదర్శి. పని పోలేదు, మనిషి మారాడు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత నెలకు 15 వేల రూపాయలకు, మూడేళ్ళ ప్రొబేషన్ మీద వేల మంది జూనియర్ కార్యదర్శులను తీసుకున్నారు. పొద్దున్నే మోరీలు తీయించటం, చెత్త బండి పంపటం, ఇంటి పన్ను వసూలు, నర్సరీ, జనన మరణాల నమోదు - ఇవన్నీ వారివే. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే కొలువుకే ముప్పు. ఆ నెత్తి మీదే ఉపాధి మస్టరు కూడా పెట్టారు. మూడేళ్ళన్న ప్రొబేషన్ నాలుగేళ్ళయింది. 2023 ఏప్రిల్ 28న వారు కూడా సమ్మెకు దిగారంటే ఆశ్చర్యమేముంది? ఒకరి సమ్మెను అణచటానికి ఇంకొకరి నెత్తిన పని రుద్దితే, మూడేళ్ళకు ఆ రెండోవారు సమ్మెలో కూర్చున్నారు.

ఈ తతంగంలో కూలీకి ఏం జరిగింది? కార్యదర్శి పొద్దున ఆరు గంటలకు పంచాయతీ ట్రాక్టరు దగ్గర ఉండాలి, ఏడు గంటలకు చెరువు దగ్గరా ఉండాలి. దూరాన ఉన్న తండాకు పోయే తీరిక ఎక్కడిది? జట్టు మేటీలు ఊరికే ఆ చాకిరీ చేశారు. నోరున్న జట్టుకు పని దొరికింది, లేని జట్టు వాయిదా పడింది. ముందే చెప్పిన ముసలాయన ఖాతా సంగతి పట్టించుకునే నాథుడు లేడు.

2022 మార్చిలో శాసనసభలో ముఖ్యమంత్రి వారిని తిరిగి తీసుకుంటామన్నారు, ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. తిరిగి వచ్చారు సరే. రెండేళ్ళ ఐదు నెలల జీతం రాలేదు. ఆ కాలంలో ఆటోలు నడిపిన వారున్నారు, తాము మస్టరు వేసిన చెరువులోనే తట్ట మోసిన వారున్నారు.

పహాణీలో పోయిన గడి

వీఆర్వోల సంగతి వేరు. 2020 సెప్టెంబరు 7న మధ్యాహ్నం కల్లా రికార్డులు అప్పజెప్పమన్నారు. అదే వారంలో శాసనసభలో రద్దు చట్టం పాసయింది. రైతుల్లో కంటతడి పెట్టినవారు తక్కువే. చేయి తడపనిదే పాసు పుస్తకం కదలదన్నది ఊరూరా తెలిసిన మాట. కరణం, పటేల్, పట్వారీల పెత్తనం చూసిన పల్లెలివి. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు కమ్యూనిస్టులు విచారించలేదు. విచారించవలసిన పనీ లేదు. కానీ 1984లో ఊళ్ళో పోయింది దొరతనం. 2020లో పోయింది అడగటానికి ఊళ్ళో ఉన్న ఒక మనిషి. ఈ రెండింటికీ తేడా ఉంది.

వీఆర్వో లంచం తిన్నాడు, నిజమే. లంచం తినే అవకాశం ఇచ్చిన అధికారం ఎక్కడికి పోయింది? ఊరి నుంచి తహసీల్దారుకు, అక్కడి నుంచి కలెక్టరుకు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. పాసు పుస్తకంలో రెండు గుంటలు తక్కువ పడితే, సర్వే నంబరు తప్పుపడితే, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కితే రైతు మీ-సేవలో దరఖాస్తు పెట్టి కలెక్టరు లాగిన్ వైపు చూడవలసి వచ్చేది. టీఎం-33 అనే మాట నోటికి వచ్చిన ముసలి రైతులు తెలంగాణలో లెక్కలేనంత మంది. సోమవారం సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి బస్సు కిరాయి పెట్టుకుని పోయారు. ఊళ్ళో తెగవలసిన తగవుకు జిల్లా కేంద్రం దాకా తిరగటం అనే ఖర్చును పొదుపు ఖాతాలో ఎవరు రాస్తారు?

పట్టా ఉన్న రైతుకే ఇంత ఉంటే, కౌలు రైతుకు ఇంకా పెద్ద దెబ్బ. ఊరి లెక్కలు రాసే ఉద్యోగి చేసే పనుల్లో ఒకటి పంట అజమాయిషీ. పొలంలో ఏ పంట ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అని చూసి పహాణీలో రాయటం. పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి. తెలంగాణలో ఆ రెండో గడికి పెద్ద చరిత్ర ఉంది. సాయుధ పోరాటం వెనుక కదలిక ఉన్నందుకే 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారులు అన్న మాట పుట్టింది. 1954-55 ఖాస్రా పహాణీలో పేరు ఉందా లేదా అన్నదాని మీద ఎన్ని కుటుంబాల భూమి నిలిచిందో, ఎన్ని కుటుంబాల భూమి పోయిందో చెప్పలేము. అంతటి గడిని ధరణిలో పెట్టనే లేదు. రాసే మనిషి పోయాడు, రాసే గడి కూడా పోయింది.

దీనివల్ల ఏమైందంటే, 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే దక్కింది. 2011 నాటి చట్టం కింద కౌలుదారుకు ఇవ్వవలసిన రుణ అర్హత కార్డు కాగితానికే పరిమితం. 2020లోనే ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి రాష్ట్రం తప్పుకుంది. పంట మునిగినప్పుడు, ఫలానావాడు ఇక్కడ పత్తి వేశాడని ఊళ్ళో నిలబడి సర్కారు తరఫున చెప్పేవాడు లేడు. వడ్డీ వ్యాపారి మాత్రం ఎవరు సాగు చేస్తున్నారో ఏ పోర్టల్ చూడకుండానే చెప్పగలడు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఊరికి ఒక గ్రామ పాలన అధికారి ఉండాలని 10,954 పోస్టులు మంజూరు చేశారు. 2025 సెప్టెంబరు 5న తొలి విడతగా ఐదు వేల మందికి పైగా నియామక పత్రాలు ఇచ్చారు. ఎవరు వారు? ఎక్కువగా పాత వీఆర్వోలు, వీఆర్ఏలే. 2022లో లాటరీ తీసి శాఖ శాఖకూ పంచిన వారిని పరీక్ష పెట్టి వెనక్కి పిలిచారు. తీసేసినప్పుడు అవినీతిపరులు, తీసుకున్నప్పుడు అనుభవజ్ఞులు.

వీఆర్ఏల గురించి ఒక మాట. 2023లో ఇరవై వేల మందికి పైగా వీఆర్ఏలను పే స్కేలు ఇచ్చి వేరే శాఖల్లో సర్దారు. ఏళ్ళ తరబడి గౌరవ వేతనం మీద చాకిరీ చేసినవారికి అది న్యాయమే, పోరాడి తెచ్చుకున్నారు. అయితే వారిలో నీరటి కొలువులో వారసత్వంగా వచ్చినవారున్నారు. చెరువు తూము ఎప్పుడు తీయాలో, ఏ కాలువకు ఎంతసేపు నీళ్ళు వదలాలో తాతల నాటి నుంచి తెలిసినవారు. చాలామంది కొత్త శాఖల పనుల్లోకి వెళ్ళారు. తూము దగ్గర ఎవరున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. చివరి మడి రైతు అడుగుతాడు, వినేవారేరి?

తీసేయకుండానే తీసేయటం

ఇంతవరకు చెప్పినవి ఉత్తర్వు ఇచ్చి చేసిన రద్దులు. ఉత్తర్వు లేకుండా జరిగే రద్దు ఇంకొకటి ఉంది, మా దృష్టిలో ఇది అంతకన్నా ప్రమాదకరం. గ్రామ పంచాయతీలో కారోబారు అని ఒకరు, సఫాయి పనికి కొందరు, నీళ్ళ మోటారు వేసేవారు ఒకరు, వీధి దీపాలు చూసేవారు ఒకరు ఉండేవారు. జీతాలు అంతంత మాత్రమే, కానీ ఎవరి పని వారిది. 51 నంబరు జీవోతో మల్టీపర్పస్ అనే మాట వచ్చింది. 500 మంది జనాభాకు ఒక కార్మికుడు, నెలకు 8,500 రూపాయలు. ఆ కార్మికుడు మోరీ తీయాలి, ట్రాక్టరు నడపాలి, మోటారు వేయాలి, మొక్కలకు నీళ్ళు పోయాలి, కరెంటు స్తంభం ఎక్కి బల్బు కూడా మార్చాలి.

ఒక మనిషితో నాలుగు కొలువుల పని చేయిస్తే మూడు కొలువులు పోయినట్టే గదా. కానీ ఈ మూడు ఎక్కడా లెక్కలోకి రావు. ఎవరినీ తీసేయలేదు గనుక నిరుద్యోగం లేదు. సమ్మె నోటీసులో రాయటానికి తొలగింపు ఉత్తర్వు నంబరు కూడా ఉండదు. చీపురు పట్టినవాడికి కరెంటు పని నేర్పకుండా స్తంభం ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. అలా ప్రాణాలు పోయినవారి పిల్లలకు పంచాయతీ ఏమివ్వాలో ఆ జీవో చెప్పదు. 2023 మే డే నాడు వెయ్యి రూపాయలు పెంచుతున్నట్టు ప్రకటించారు. జూలై 6న పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగి నెల దాకా కూర్చున్నారు. పర్మినెంటు చేయాలని, మల్టీపర్పస్ పద్ధతి రద్దు చేయాలని ముఖ్యమైన కోరికలు. ప్రభుత్వం మారాక 2024లో, 2025లో కూడా యూనియన్లు అవే కోరికలతో కలెక్టరేట్ల ముందు కూర్చున్నాయి.

పంచాయతీ దగ్గర పైసలు ఏవి అంటారు. పైసలు లేని మాట నిజం. ఎందుకు లేవో కూడా చూడాలి. సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారులను పెట్టారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం నిధులు ఇవ్వమని కేంద్రం కూర్చుంది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో. దాదాపు రెండేళ్ళు. రాష్ట్రం ఎన్నిక పెట్టలేదు, కేంద్రం నిధి ఇవ్వలేదు, ఇద్దరి మధ్యా మోరీలు తీసే మనిషి నెలల తరబడి జీతం లేకుండా పని చేశాడు. ఆ మనిషికి ఓటు ఉంది గానీ రెండేళ్ళు వేయటానికి ఎన్నిక లేదు.

పక్క రాష్ట్రంలోనూ కథ ఇదే, తీరు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 5 వేల రూపాయల గౌరవ వేతనానికి రెండున్నర లక్షల మంది వలంటీర్లను పెట్టారు. ఉద్యోగం అనలేదు, సేవ అన్నారు. 2024 ఎన్నికల ముందు ప్రతిపక్షం 10 వేలు ఇస్తామంది. గెలిచాక 2024 జూలై నుంచి పింఛన్ల పంపిణీ సచివాలయ ఉద్యోగులకు అప్పగించారు, వలంటీర్ల కొనసాగింపుకు ఉత్తర్వే లేదు పొమ్మన్నారు. పార్టీ కార్యకర్తలను వలంటీర్లుగా నింపారన్న విమర్శలో నిజముంది. కానీ ఉద్యోగం కాని ఉద్యోగం ఇస్తే తీసేసేటప్పుడు సంజాయిషీ కూడా ఇవ్వనక్కర లేదని పాలకులకు అది బాగా నేర్పింది.

ఇక కొత్త పరిణామం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. రోజులు 100 నుంచి 125 అన్నారు. అయితే ఇంతకుముందు కూలి మొత్తం కేంద్రమే భరించేది, కొత్త చట్టంలో మన రాష్ట్రాల వంటివి 40 శాతం పెట్టాలి. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా పథకం పనులు ఆపవచ్చన్నారు. నాట్లకు, కోతలకు కూలి రేటు పెరగకుండా చూడటానికి ఇది పెద్ద రైతుకు అక్కరకు వస్తుందేమో గాని, భూమి లేని ఆడకూలీకి బేరమాడే బలం తగ్గుతుంది. సిబ్బంది ఖర్చు పరిమితి 6 నుంచి 9 శాతానికి పెంచామని చెబుతున్నారు. మంచిదే. కానీ ఆ శాతం దేని మీద? మొత్తం ఖర్చు మీద. రాష్ట్రం తన 40 శాతం పెట్టలేక చేతులెత్తేస్తే మొత్తమే తగ్గుతుంది, 9 శాతమూ దాంతోపాటే తగ్గుతుంది. అప్పుడు 4779 లాంటి కాగితం ఇంకొక నంబరుతో వస్తుంది.

డిసెంబరులో గెలిచిన సర్పంచుల్లో చాలామంది పేద, మధ్యతరగతి రైతు కుటుంబాల వారు. ఎదురుగా ఉన్నవి పాత పాలకవర్గం చేసిన పనుల బిల్లులు, ట్రాక్టరు డీజిలు, వీధి దీపాల కరెంటు బిల్లు, కార్మికుల జీతాల బకాయి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని నిబంధన పెట్టారు. పారిశుధ్యం అంటే చెత్త బుట్టలు, బండ్లు మాత్రమేనా, ఊడ్చే మనిషి కాదా అని మొదటి గ్రామసభలోనే అడగవలసి ఉంది. ఆ గ్రామసభకు వ్యవసాయ కార్మికులు, కౌలు రైతులు, పంచాయతీ కార్మికులు కలిసి పోతే, ఎవరి కొలువు ఎవరి నెత్తిన పడిందో ఊళ్ళో అందరి ముందూ లెక్క చెప్పించవచ్చు.